కాలువ వంతెన, ఉన్నది ఉన్నట్టు

రైళ్ళు కొత్తగా వచ్చిన రోజుల్లో, రాగి రేకుల మీద బొమ్మలు చెక్కి అచ్చుకిచ్చే పనివాడొకాయన ఉండేవాడు. చెయ్యి తిరిగినవాడే గానీ కోపం ముక్కు మీదుండేది. రేకు మీద ఎడమవైపు చెక్కింది కాగితం మీద కుడివైపు పడుతుంది కాబట్టి ఏదైనా అద్దంలో చూస్తూ తిప్పి చెక్కాలి. ఆ పనికి అదే ఓనమాలు. కూతురు మరిచినప్పుడల్లా వేళ్ళ మీద ఒక్కటిచ్చేవాడు.

ఆయన చూపు పోయి పన్నెండేళ్ళయింది. అప్పట్నుంచీ చెక్కేదంతా కూతురే, కింద పేరు మాత్రం ఆయనది. బొమ్మలు అచ్చేసి అమ్మే వ్యాపారికీ తెలుసు, పక్కింటికీ తెలుసు. బొమ్మ కొనేవాళ్ళకే తెలియదు. "ఆడదాని పేరుంటే ఎవడు కొంటాడే?" అనేవాడు నాన్న. ఆమెకు నలభై దాటాయి. తన పనికి తన పేరుండాలని అడిగి అడిగి నోరు నొప్పెట్టి, ఇక అడగడం మానేసింది. ఆశ మాత్రం మానలేదు.

ఈసారి వ్యాపారి కాలువ వంతెన బొమ్మ కావాలన్నాడు. ఆమె చెక్కింది: పడవల్లేని మధ్యాహ్నం, కమాను కింద కదలని నీళ్ళు, ఎడమ గట్టున కాపలావాడి గది, చూపున్న రోజుల్లో నాన్న రోజూ కూర్చునే మెట్లు. ఇంటికొచ్చి అచ్చు తీసి చూసిన వ్యాపారి పగలబడి నవ్వాడు.

"గది కుడిగట్టుకి పోయిందేంటమ్మా! ఈ గీతలేంటి, ఇంత లోతు? నిన్నగాక మొన్న చేరినవాళ్ళు కూడా చెయ్యరీ పొరపాటు."

"పొరపాటు కాదండీ. మీ రేకు వచ్చేవారం ఇస్తాను. ఇది మీది కాదు."

సిరా తుడిచి, రేకు తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టింది.

ముసలాయన వేళ్ళతో తడిమాడు. కమాను దొరికింది. ఎడమవైపు గది దొరికింది.

"తిప్పలేదేమే?" అని గద్దించాడు.

మళ్ళీ తడిమాడు. మెట్లు దొరికాయి. ఒకటి, రెండు, విరిగిన మూడోది. అక్కడ చాలాసేపు ఆగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత వేలు అలవాటుగా కిందికి జారింది. అక్కడ ఆయన పేరు లేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కూతురి పేరు చదివాడు.

కోప్పడినా సరే, చెరిపేది లేదనుకుంది ఆమె.

"ఆ వ్యాపారి ఇక్కడే ఉన్నాడా?"

"ఉన్నారు నాన్నా."

"ఆయనకిచ్చే రేకు మీదా ఈ పేరే చెక్కు. అది మాత్రం తిప్పి చెక్కవే. ఊరందరూ చదవాలి."