బ్లాస్టింగ్ వేళకు శవాసనం

చౌరస్తాలో ఒక ఆటో డ్రైవరును హెల్మెట్‌తో కొట్టిన రోజు నాకు నా చేతులంటే భయం పుట్టింది. అతను నా బండిని కొద్దిగా రాసుకుపోయాడు, అంతే. నుదురు చిట్లి రక్తం కారుతున్నా మళ్లీ చెయ్యెత్తాను. జనం పట్టుకుని ఆపారు.

అప్పటికి చాలా ఏళ్లుగా గోదావరిఖనిలో ఒక దినపత్రికకు విలేకరిని. బొగ్గు బాయిలో పైకప్పు కూలిందంటే స్ట్రెచర్ పైకి రాకముందే అక్కడుండేవాణ్ణి. నలిగిపోయిన మనిషిని చూసి, వార్త పంపి, ఇంటికెళ్లి అన్నం తినేవాణ్ణి. అదంతా లోపల ఎక్కడ పేరుకుందో ఆ హెల్మెట్ దెబ్బతో తెలిసింది. చెయ్యి లేవకుండా చూసుకోవడానికే యోగా నేర్చుకున్నాను. తర్వాత ఉద్యోగం మానేసి, మొదటి షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు కాలనీ హాలులో సాయంత్రం నాలుగింటికి నేర్పడం మొదలుపెట్టాను.

ఒకరోజు ఒకావిడ భర్తను వెంటబెట్టుకొచ్చింది. అతను బాయిలో కప్పు కూలకుండా ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టే పనివాడు. ఆర్నెల్ల కిందట కప్పు కూలి, పక్కనున్నవాడు చనిపోగా ఇతను బతికాడు. ఆమె కింది పెదవి వాచి ఉంది.

"అన్నా, నిద్రల కొడుతుండు. ముందటి పన్ను ఊడింది. ఇంకొక్కపారి చెయ్యి పడ్డదంటే కాసిపేటల మా అవ్వగారింటికి పోత. ఆపుతవా మరి?"

"నాకు యాదికుండది సారు," అన్నాడతను తల వంచుకుని.

మూడో రోజు చివర్న అందరినీ శవాసనంలో పడుకోబెట్టాను. లైట్లు ఆర్పాను. అతని భుజాలు బిగుసుకుని ఉంటే పక్కన కూర్చుని మెల్లగా నొక్కుతూ, ఒంటి బరువంతా నేలకు వదిలెయ్యమన్నాను. ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చే బ్లాస్టింగ్ వేళ అది. రోజూ గిన్నెలు గలగలమంటాయి, గోడలు అదురుతాయి. ఇక్కడివాళ్లం మాట కూడా ఆపం. అందుకే నాకది లెక్కలోకి రాలేదు. నిలబడ్డవాడికి అది అరికాళ్లలో అదురు. వెల్లకిలా పడుకున్నవాడికి వెన్నులోంచి వస్తుంది.

నేల అదిరింది. మరుక్షణం అతని పిడికిలి నా జుట్టులో ఉంది.

"ఉరుకుండ్రి! కప్పు దిగుతాంది!"

హాలు పొడుగునా నన్ను ఈడ్చుకుపోయాడు. నా ముఖం ఇనుప కుర్చీకి గుద్దుకుంది. ముక్కులో ఎముక విరిగిన చప్పుడు విన్నాను. గోడ దగ్గర పడేసి నా మీద పడ్డాడు. అతని మోకాలు డొక్కలో దిగింది. నలుగురు గుంజినా రాలేదు. ఒకాయన చెప్పుతో వీపున బాదాడు. చివరికి లైటు వేశాక వదిలాడు.

"సారూ, గిది ఏ ఆసనమే?" అన్నాడు ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్. ఎవరూ నవ్వలేదు.

అతను తన గుప్పిట్లోని నా వెంట్రుకలనే చూస్తున్నాడు. "ఆ దినం గూడ గిట్లనే సారు. ఎంటికలే చేతికొచ్చినయి. మనిషి రాలే."

మర్నాడు ఆమె వచ్చింది. కట్టు కట్టిన నా ముక్కును, ఊడిన జుట్టును చూసింది.

"నన్ను గూడ గట్లనే పట్టుకుంటడు."

"ఆయన కొడుతలేడు చెల్లె. కప్పు కిందనుంచి నిన్ను బయటికి గుంజుతుండు."

"గుంజినా కొట్టినా ఊడింది నా పన్నే కదనే అన్నా."

ఆ సాయంత్రమే ఆమె కాసిపేట బస్సెక్కింది.

అప్పట్నుంచి లైట్లు ఆర్పను. చెప్పకుండా ఎవరినీ ముట్టుకోను. కళ్లు మూసుకోమనను. బ్లాస్టింగ్‌కు ముందు అందరినీ నిలబెడతాను, అది అయిపోయాకే పడుకోబెడతాను. అతనొక్కడే నేల అదిరేటప్పుడు కూడా పడుకుంటానని పట్టుబట్టాడు. కళ్లు తెరిచి, ఫ్యాను చూస్తూ పడుకుంటాడు. అదురు రాగానే నా చీలమండ పట్టుకుంటాడు. గోళ్లు దిగి రక్తం వస్తుంది. వదలమనను.

ఆదివారం ఆమె ఫోను చేసింది.

"ఇంకా గట్లనే పట్టుకుంటుండా?"

లేదని చెబితే వచ్చేస్తుంది. కాలి మీద గాట్లు చూసుకున్నాను.

"పట్టుకుంటుండు చెల్లె."

"అయితే ఈడనే ఉంట," అని పెట్టేసింది.