పచ్చి గోడ వెనక పిల్లలు

మా క్వార్టర్లో గబ్బిలాలు ఎప్పుడు చేరాయో నాకు తెలియదు. గోదావరిఖనిలో రేకుల కప్పున్న పాత క్వార్టర్లన్నిటికీ పిలవని చుట్టాలు ఎవరో ఒకరుంటారు. కొందరికి ఎలుకలు, కొందరికి కోతులు, మాకు గబ్బిలాలు. చిన్న జాతి. రేకుకూ వెనక గోడకూ మధ్య ఉన్న సందులోంచి పొద్దుగూకగానే బయటపడేవి, తెల్లారేసరికి మళ్లీ దూరేవి. సీలింగు చెక్కల సందుల్లోంచి మంచం మీద నల్లగింజల్లాంటి పెంటికలు రాలితే తిట్టుకుంటూ దులిపేదాన్ని. అంతకు మించి వాటికీ నాకూ పంచాయితీ లేదు.

పంచాయితీ మా వియ్యపురాలు పెట్టింది. మా బిడ్డది తొలి కాన్పు. ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకోవాలి. ఆ మాట మాట్లాడటానికే వియ్యపురాలు నస్పూర్ నుంచి వచ్చింది. చాయ్ తాగుతుంటే ఆమె ఒళ్లో టపటపా పెంటికలు రాలాయి. ఆమె పైకి చూసింది.

"గబ్బిలాలు చేరిన ఇల్లు పాడువడ్డ ఇల్లంటరు వదినె. బాలింతను, పసిగుడ్డును గీ ఇంట్ల ఎట్ల ఉంచుతవ్? అవి వొయినంక చెప్పు, పిల్లను పంపుత."

నాకు ఒళ్లు మండింది. నేను పెళ్లై వచ్చినప్పటి నుంచి దీపం పెడుతున్న ఇల్లు పాడుపడ్డ ఇల్లా? కానీ పిల్లను పంపాల్సింది ఆమే. నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్న సంగతి మా క్వార్టర్ల లైన్లో చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

ఆమె గేటు దాటగానే ఆ కోపమంతా మా ఆయన మీద పడింది. "ఆ సందు జల్ది మూస్తవా, నన్నే నిచ్చెన ఎక్కమంటవా?"

మూసేయడం ఆయనకు కొత్త కాదు, బొగ్గుబాయిలో ఆయన డ్యూటీయే అది. బొగ్గు తీయడం అయిపోయిన చోట అడ్డంగా గోడ కట్టి, గాలి కూడా పోకుండా మూసేస్తారు. షిఫ్టు మొత్తం బయటికి వచ్చిందని తేలాకే ఆఖరి ఇటుక పెట్టాలి. గబ్బిలాలకూ అదే పద్ధతి పాటించాడాయన. పెరట్లో పీటేసుకుని కూర్చుని, పొద్దుగూకాక అవన్నీ ఎగిరిపోయేదాకా చూశాడు. ఇంకా కాసేపు ఆగాడు. సందులోంచి ఇక ఒక్కటీ రాలేదు. "అందరు బయటికచ్చిన్రు," అని ఇటుక ముక్కలు పెట్టి సిమెంటుతో నున్నగా పూశాడు. ఒక్క ప్రాణానికీ హాని లేకుండా వెళ్లగొట్టానని ఆయనకు సంబరం. నేను వెంటనే నస్పూర్‌కు ఫోన్ చేశాను. ఎల్లుండి మంచిరోజు, పంపుతానంది వియ్యపురాలు. గోంగూర తెచ్చిపెట్టమ్మా అంది నా బిడ్డ.

తెల్లారి వాకిలి ఊడ్చుదామని చీపురు తీసుకుంటే వెనక గోడ దగ్గర రెక్కల చప్పుడు వినపడింది. వెళ్లి చూస్తే గబ్బిలాలు పచ్చి సిమెంటు మీద పడి పాకుతున్నాయి. జారుతున్నాయి, ఎగురుతున్నాయి, మళ్లీ వచ్చి అక్కడే పడుతున్నాయి. ఇంత మొండివేందిరా అనుకుంటూ లోపలికి వచ్చాను. అప్పుడు వినపడింది. సీలింగు పైన సన్నగా కిచకిచ. ఒకటి కాదు, చాలా. సీలింగు చెక్కల సందులోంచి ఒకటి మంచం మీద పడింది. వెంట్రుకలు కూడా సరిగ్గా రాని కూన. నోరు తెరిచి తల్లి కోసం వెతుకుతోంది.

మా ఆయన దాన్ని చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "పిల్లలు లోపటున్నయే. లోపట ఉండంగనే మూసిన," అన్నాడు. కూనల్ని వదిలి తల్లులు మేతకు పోతాయని మా ఇద్దరికీ తట్టనే లేదు.

"తెరిస్తే బిడ్డ రాదు," అన్నాడు.

నాకు తెలియదా? నేనే గదా రాత్రి ఫోన్ చేసింది! ఊరుకుంటే రెండు రోజుల్లో ఆ చప్పుడు దానంతటదే ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు కూడా. కానీ ఆ కిచకిచల కింద మంచమేసి నా కడుపుతో ఉన్న పిల్లను పడుకోబెట్టాలి. నా వల్ల కాలేదు. "తెరువు," అని అరిచాను.

సిమెంటు ఇంకా గట్టిపడలేదు. ఆయన తాపీతో లాగేశాడు. డ్యూటీ గ్లౌజులు తొడుక్కుని కూనను ఎత్తి, నిచ్చెనెక్కి సందులో పెట్టాడు. ఆయన నిచ్చెన దిగీ దిగకముందే తల్లులు ఒకదాని మీద ఒకటి పడి దూరాయి.

నస్పూర్‌కు మళ్లీ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "నీ ఇష్టం వదినె. అయితే పిల్ల ఇక్కన్నే ఉంటది," అంది వియ్యపురాలు.

పక్క లైన్లో ఒక సైన్సు టీచరమ్మ ఉంటుంది, కోస్తా నుంచి వచ్చినావిడ. ఆవిడ్ని అడిగాను. "కూనలు ఎగరడం నేర్చేదాకా ఆగాలక్కా. తర్వాత సందు మీద వల కట్టండి. పైనా పక్కలా బిగించి కింద వదిలేస్తే బయటికి జారిపోతాయి, లోపలికి దూరలేవు. అన్నీ పోయాయని రూఢి చేసుకున్నాకే మూసెయ్యండి. ఇవి దోమల్ని తినే జీవాలు, పగ దేనికి?" అంది. పగ నాకు వాటి మీద కాదమ్మా అనుకున్నాను.

కూనలు ఎగిరాయి. ఆమె చెప్పినట్టే వల కట్టాడు. కొన్నాళ్ల పాటు సాయంత్రాలు పెరట్లో కూర్చుని చూశాం. ఇక ఏదీ రాదని తేలాక సందు మూశాడు. పాత మంచం చెక్కలతో డబ్బా చేసి వెనక గోడకు ఎత్తుగా తగిలించాడు, వస్తే అందులో ఉంటాయని. అవి దాని ముఖం కూడా చూడలేదు. నేను సున్నం వేయించాను, కొత్త దోమతెర కొన్నాను. ఇక పిల్లను పంపమని ఫోన్ చేద్దామనుకుంటుండగా వాళ్ల దగ్గర్నుంచే ఫోన్ వచ్చింది. బిడ్డకు బీపీ పెరిగిందట. దవాఖానలో డాక్టరమ్మ ప్రయాణం వద్దందట. గబ్బిలాలు పోయిన ఇంట్లో ఆ తెల్ల గోడల మధ్య కూర్చుని బోరుబోరున ఏడ్చాను. చేసింది తప్పని కాదు. తొలి కాన్పు తల్లి చేతుల మీద జరగకపాయె గదా అని.

మనవరాలు పుట్టింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక పసిదానికి తొలిసారి నీళ్లు పోసే రోజు నస్పూర్ వెళ్లాను. వియ్యపురాలు పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను, పేరంటానికి వచ్చినదానిలా. ఆమె మీద కోపం అట్లానే ఉంది, దాచుకోను.

ఆమె నన్ను చూసింది. కాళ్లు ముడుచుకుని పీట మీది నుంచి లేచింది.

"రా వదినె, నువ్వే నీళ్లు పొయ్యి. నీ ఇంట్ల జరగాల్సింది, నేనే అడ్డం వడ్డ."

వెళ్లి కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఆమె పసిదాన్ని తెచ్చి నా కాళ్ల మీద పడుకోబెట్టింది. నీళ్లు ముంచి చెంబు చేతికి అందించింది.