పోస్టు ఖర్చులు మీవే మేడమ్

పదకొండు రోజులపాటు ఒకతను నన్ను ఫోన్లో మేడమ్ అని పిలిచాడు. అంత మర్యాద నాకు ఇంట్లో కూడా దొరకదు కనుక కొంచెం పొంగిపోయిన మాట నిజం.

మా ఆడబిడ్డ కూతురి పెళ్లి మంత్రాలయంలో పెట్టుకున్నారు. బంగారం ధర వింటేనే జ్వరం వచ్చే రోజులివి. అందుకని మా కర్నూలు వీధిలో ఆడవాళ్లందరం వన్ గ్రామ్ నగలకు దిగిపోయాం. పక్కింటావిడ నన్నొక వాట్సాప్ గ్రూపులో చేర్పించింది. అందులో రోజూ నగల ఫొటోలు పెడతారు. అమ్మే మనిషి ముఖం ఉండదు. నల్ల వెల్వెట్ గుడ్డ, దాని మీద నగ, దాన్ని ఎత్తి చూపించే రెండు ఆడచేతులు. అంతే. ఆ ఫొటోల్లో ఒక పగడాల హారం నా కంట పడింది. పదహారు వందల యాభై అన్నాడు.

చెప్పిన ధరకు కొంటే నేను మా నాయన కూతుర్నే కాదు. కానీ ఫోన్లో బేరం ఎలా చేయడం? బేరానికి ముఖం కావాలి. వద్దులే అని లేచి, రెండు మెట్లు దిగి, వెనక్కి పిలుస్తాడా లేదా అని చెవి రిక్కించాలి. ఆలోచించి ఆలోచించి గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. పది నిమిషాలు గడవకముందే మెసేజీ వచ్చింది: "ఉండండి మేడమ్, చూద్దాం." పద్నాలుగు వందలకు తెగింది. ఈ ఉపాయాన్ని మా వీధిలో కనీసం ఆరుగురికి కథలా చెప్పాను. ఒకామె ముక్కున వేలేసుకుని విన్నది.

ఈ విద్య నాకు కడపలో, మా నాయన గాజుల దుకాణంలో అబ్బింది. పెళ్లయ్యేదాకా నేను గల్లా పెట్టె పక్కనే పెరిగాను. నాయన పోయాక దుకాణం మా తమ్ముడికి వచ్చింది. కర్మ రోజున వాడు బంధువులందరి ముందూ నా చేయి పట్టుకుని, "అక్కా, ఈ అంగడి నీది గూడా. నువ్వెప్పుడొచ్చినా లోపలికొచ్చి కూచునే మనిషివి" అన్నాడు. నాకు ఆ మాట చాలనిపించింది. వాటా అడగలేదు, కాగితాల మాట ఎత్తలేదు. ఇంత బేరగత్తెను, జన్మలో బేరమాడకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

హారం వచ్చింది. ఫొటోలో పగడాలు. చేతిలోకి తీసుకుంటే టమోటా పండ్ల రంగు. తడి గుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రబడింది, పూసలు తెల్లబడ్డాయి. ఇది వేసుకుని పెళ్లికి పోతే చెమటకు మెడంతా కుంకుమబొట్టవుతుంది. వాపసు పంపుతానన్నాను.

"తప్పకుండా తీసుకుంటాం మేడమ్. పోస్టు ఖర్చులు మీవే మేడమ్."

"సరుకు తప్పు మీది, ఖర్చు నాదా?"

"మా రూలు అంతే మేడమ్."

ఫోన్ చేస్తే ఎత్తడు. అన్నీ మెసేజీలే. వాపసు పంపాల్సిన అడ్రసు మాత్రం కడపదే ఇచ్చాడు, కొత్త కాలనీలో ఏదో గది. మా పుట్టింటి ఊరివాడై ఉండి నాకే టోపీ పెడతాడా అని నాకు రోషం పొడుచుకొచ్చింది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, మీ ఊర్లో ఎవడో ఆన్‌లైన్‌లో నగలమ్ముతాండాడంట. అడ్రసు చెప్తా, పోయి నాలుగు మాటలు అడుగు."

"అట్లాంటోళ్లతో మనకెందుకక్కా? వాళ్లతో పెట్టుకుంటే మర్యాద పోతాది. పోస్టు ఖర్చే గదా, పోతే పోనీలే" అన్నాడు.

తమ్ముడికి నా మర్యాద మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను. మా ఆయనకు కూడా ఆ సంగతి చెప్పి మురిసిపోయాను.

మరుసటి రోజు పోస్టాఫీసుకు పోయాను. కౌంటరు దగ్గర గుమాస్తా పార్సిల్ వైపు అనుమానంగా చూశాడు.

"లోపల ఏముండాదమ్మా?"

"నగ."

"బంగారమైతే ఇన్సూరెన్సు చేయాల."

"బంగారం కాదప్పా, వన్ గ్రామ్."

"అందరూ అట్లనే అంటారు. ఒకసారి తెరువమ్మా, చూస్తా."

తెరిచాను. అతను హారం ఎత్తాడు, దాని కింది దూది ఎత్తాడు. దూదికి అంటుకుని ఒక చిన్న చీటీ వచ్చింది. అతను దాన్ని కళ్లజోడు దగ్గరికి పెట్టుకుని చదివాడు.

"ఇదేంది, పదార అని రాసినారు? పదారు రూపాయల నగకా ఇంత పార్సిలూ?"

వెనక వరుసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. చీటీ తీసుకుని చూశాక నవ్వు ఆగిపోయింది.

పాతకాలం దుకాణాల్లో ప్రతివాడికీ ఒక గుట్టు ఉండేది. సరుకు ఎంతకు కొన్నారో దాని మీదే రాసుకోవాలి, కొనేవాళ్లకు మాత్రం తెలియకూడదు. అందుకని పది అక్షరాల మాటలేవో ఎంచుకుని, ఒక్కొక్క అక్షరాన్ని ఒక్కొక్క అంకెగా వాడేవాళ్లు. మా నాయన ఎంచుకున్నది "గడప దాటనివి లేవుర". ఎంత అమ్ముడుపోని సరుకైనా ఏదో ఒకనాడు మన గడప దాటి తీరుతుందని ఆయన ధైర్యం. గ అంటే ఒకటి, డ అంటే రెండు, అలా పోయి పోయి చివరి ర సున్న. ఈ లెక్క నేర్చుకున్నాకే నాకు బళ్లో ఎక్కాలు చెప్పారు. ప అంటే మూడు, దా అంటే నాలుగు, ర అంటే సున్న. పదార అంటే పదహారు కాదు, మూడు వందల నలభై.

నాయన పోయాక ఈ లెక్క తెలిసినవాళ్లం భూమ్మీద ఇద్దరమే మిగిలాం. చీటీ రాసింది నేను కాదు.

వేరే ఎవరి చేతికి పోయినా అది వట్టి పిచ్చిగీత. అందుకే తమ్ముడు తీసేయడం మరిచిపోయి ఉంటాడు, లేదా అవసరం లేదనుకుని ఉంటాడు.

"పంపాల్నా వద్దా, ఏదో ఒకటి చెప్పమ్మా" అన్నాడు గుమాస్తా.

మూడు వందల నలభై సరుకును పద్నాలుగు వందలకు అమ్మినందుకు నాకు కోపం రాలేదు. వ్యాపారి బిడ్డను, మంచి లాభం కనిపిస్తే నాకు గౌరవమే కలుగుతుంది. నేను గ్రూపులోంచి బయటికి పోవడం, వాడు పిలవడం, అంతా వాడికి ఎంత వినోదంగా ఉండి ఉంటుందో! కానీ ఆర్డరులో నా పేరు రాసిచ్చాను. ఇంటి నంబరు, పిన్‌కోడుతో సహా రాసిచ్చాను. అది చూశాక కూడా మేడమ్ అన్నాడు. అట్లాంటోళ్లతో మనకెందుకని, తన గురించి తానే నాకు బుద్ధి చెప్పాడు.

ఆ పెట్టె పట్టుకుని నేరుగా కడప బస్సెక్కవచ్చు. ఎక్కలేదు. మేడమ్ చేయాల్సిన పని మేడమ్‌లాగే చేస్తానని, తొంభై నాలుగు రూపాయలు కట్టి పార్సిల్ పంపించాను. చీటీ మాత్రం నా దగ్గర పెట్టుకున్నాను. నాలుగో రోజు పద్నాలుగు వందలు ఫోన్లో పడ్డాయి. "వాపసు చేశాం మేడమ్, థ్యాంక్యూ." పోస్టు ఖర్చు లేదు.

శనివారం కడపకు పోయాను. బస్సు ఆలస్యమై దుకాణం చేరేసరికి సాయంత్రమైంది. తమ్ముడు, మరదలు ఇద్దరూ ఉన్నారు.

"అక్కా! చెప్పకుండా వచ్చినావే!"

"రా వదినా, లోపలికి రా, టీ తెప్పిస్తా" అంది మరదలు. ఆ చేతులు చూశాను. వెల్వెట్ గుడ్డ మీద హారం ఎత్తి చూపించిన చేతులు. పెళ్లిచూపుల్లో నేనే వాటిని మెచ్చుకున్నాను కూడా.

"టీ వద్దు మా" అని, పోస్టాఫీసు రసీదు, చీటీ రెండూ తీసి అద్దాల బల్ల మీద పెట్టాను. "పోస్టు ఖర్చు కోసం వచ్చినా."

తమ్ముడు చీటీ వైపు చూసి, తల ఎత్తలేదు. "నువ్వని నాకు మొదట తెలీదక్కా."

"పిన్‌కోడు గూడా రాసినా గదరా."

"తెలిసినాక చెప్పేదానికి మొగం చెల్లలేదు."

"మేడమ్ అనేదానికి చెల్లిందా?"

అప్పుడు వాడికి ఉక్రోషం వచ్చింది. "చెప్పింటే నువ్వు దుడ్లిస్తావా? వచ్చినప్పుడంతా గాజులనీ పిన్నులనీ పట్టుకపోతావు. నీకు, నీ ఆడబిడ్డలకు, వాళ్ల పిల్లోళ్లకు. ఒక్కతూరైనా ధర అడిగినావా? నాయనున్నప్పుడు జరిగింది, సరే. ఇప్పుడిది నా అంగడి. నాకూ శానా ఖర్చులుండాయి."

మరదలు, "ఊరుకో, వదినతో ఆ మాటలేంటికి" అంది కానీ, కాదని మాత్రం అనలేదు.

వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నేను ధర ఎప్పుడూ అడగలేదు. నా సంచీ నిండినప్పుడల్లా వాడి ముఖంలో ఏముందో చూసినదాన్ని కాదు, ఊరందరి ముఖాలూ చదివిన బేరగత్తెను. కానీ ఆ 'నా' అనే మాట వాడి నోట్లో ఎంతకాలం నుంచి నానుతూ ఉందో! మన అంగడి అంటూనే ఉన్నాడు ఇన్నేళ్లూ.

"నీదని తెలీక అడగలేదు. తప్పే" అన్నాను. "నా తొంభై నాలుగూ ఇయ్యి, పోతా."

వాడు గల్లా పెట్టె మీద చేయి వేసి ఆగాడు. గోడకున్న లక్ష్మీదేవి పటం ముందు మరదలు అప్పుడే దీపం వెలిగించి ఉంది.

"దీపం పెట్టేసినామక్కా. ఇప్పుడు దుడ్లు బయటికి ఇయ్యగూడదు. రేపు ఫోన్లో వేస్తాలే."

వాడికి ఏడెనిమిదేళ్లప్పుడు ఆ మాట నేర్పింది నేనే. సరుకు వాపసు తెచ్చినవాళ్లను, చందాలకు వచ్చినవాళ్లను పంపేయడానికి అంతకు మించిన మందు లేదు. ఇంట్లోవాళ్లకు మాత్రం ఆ నియమం వర్తించదు. దీపం పెట్టాక కూడా నాయన నా చేతిలో సినిమాకు డబ్బులు పెట్టేవాడు.

రసీదు మడిచి సంచీలో పెట్టుకున్నాను. చీటీ బల్ల మీదే వదిలేశాను.

"రేపు మర్చిపోకుండా వేయండి" అన్నాను. తమ్ముణ్ని అండీ అనడం అదే మొదలు. వాడు ఉలిక్కిపడి, "అక్కా, అట్లంటావేందిక్కా!" అన్నాడు. నేను మెట్లు దిగాను. చెవి రిక్కించలేదు. వాడు పిలిచాడో లేదో నాకు నిజంగా తెలియదు.

తెల్లవారి తొంభై నాలుగు రూపాయలు పడ్డాయి. ఒక్క రూపాయి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇప్పుడు గాజులు కర్నూల్లోనే, మా వీధి చివర కొనుక్కుంటున్నాను. ధర అడిగే కొంటున్నాను. అంగడాయన ధర చెప్పి, నేనేదో అంటానని ఎదురుచూస్తాడు. చెప్పినంతా ఇచ్చేసి వస్తున్నాను.