ఓర్విల్ ఆర్పిన దీపాలు

ఓర్విల్ ట్కాచుక్‌కి ఒకటే పిచ్చి. మనిషి లేని గదిలో దీపం వెలుగుతుంటే ఆయన ప్రాణం కొట్టుకుపోతుంది. ఇంకొకరైతే స్విచ్ నొక్కేసి తమ దారిన పోతారు. ఈయన ముందు గోడకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల ఏది మూలుగుతోందో విని, అప్పుడు ఆర్పుతాడు.

కెనడాలోని విన్నిపెగ్‌లో చిన్న కంపెనీలకి కరెంటు ఆదా చేయడం నేర్పే ఉద్యోగం ఆయనది. ఆ చలికాలం ఒక పాత ఇటుకల భవనం మీద పడ్డాడు. ఒకప్పుడు అది జంతువుల తోళ్ళ గోదాము, ఇప్పుడు గదికొక కంపెనీ. ఆయన కాళ్ళకి ఉన్నిబూట్లు, అడుగు చప్పుడుండదు. సాయంత్రం కాకముందే చీకటి పడే ఊరు. నడవాలో మీ వెనక దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతూ వస్తాయి. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. "ఓర్విలే, ఓర్విలే" అని మీకు మీరే చెప్పుకోవాలి. కాస్త గట్టిగానే చెప్పుకోవాలి.

బోర్డులు రాసే గస్ పాల్సన్ ఓసారి మరుగుదొడ్లో ఉండగా దీపం పోయింది.

"ఎవడ్రా అది?"

చీకట్లో, తలుపుకి ఆనుకుని, మెత్తటి గొంతు: "చప్పుడు లేకపోతే ఖాళీ అనుకున్నాన్రా."

"ఇక్కడ కూడా చప్పుడు చేసి చూపించాలా ముసలోడా?"

"చేస్తే నీకూ మంచిదే, నాకూ మంచిదే."

మరో పొద్దున చూస్తే ఏ గదిలోనూ ఫ్రిజ్ లేదు. నేల మీద దుమ్ములో నలుచదరపు మచ్చలు మాత్రం మిగిలాయి. అందరి సామానూ నడవా చివర ఒకే ఒక ఫ్రిజ్‌లో ఒద్దికగా కూర్చుని ఉంది. గస్ సాండ్‌విచ్ పక్కన, లెక్కలు రాసే కంపెనీవాళ్ళు ఏడాదిగా కాపాడుకుంటున్న ఒంటరి నిమ్మకాయ.

"ఒక నిమ్మకాయకి ఒక ఫ్రిజ్జా?" అన్నాడు ఓర్విల్ బాధగా. "మహారాజుకి కూడా ఇంత మర్యాద జరగదు!"

తర్వాత అందర్నీ మధ్యాహ్నం నుంచి కింద ఎండ తగిలే పెద్ద గదిలో కలిసి పని చేసుకోమన్నాడు. ఒక్క గది వెచ్చగా ఉంటే మిగతావాటికి హీటర్లు అక్కర్లేదు. అందరూ తిట్టుకుంటూ దిగారు, జోస్లిన్ ఫ్రీసెన్ తప్ప.

జోస్లిన్ పైఅంతస్తులో ఒక్కతే ఉండేది. బేకరీల్లో మిగిలిన రొట్టెల్ని సాయంత్రం చవగ్గా అమ్మిపెట్టే కంపెనీ ఆమెది. భాగస్వామి మిరేలా నెల కిందటే టొరంటో చెక్కేసింది. వచ్చే శుక్రవారం గది తాళం అప్పజెప్పి, కంపెనీ మూసేద్దామని జోస్లిన్ నిశ్చయించుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ వారమే, సోమవారం నుంచి మొదలైంది. మంచినీళ్ళకి వెళ్ళొచ్చేసరికి దీపం ఆరిపోయి ఉండేది. వేసుకుని కూర్చుంటే హీటరు టిక్కుమని చల్లబడేది. ఒకరోజు గోడలోంచి ఎవరో నిదానంగా ఊపిరి తీస్తున్నట్టు వినిపించింది. చెయ్యి ఆనించింది. అవతల ఏదో మెత్తగా, బొచ్చుగా, గోడ పొడవునా రాసుకుంటూ జరిగిపోయింది. కొక్కేలకి వేలాడిన తోళ్ళు ఇప్పటికీ గాలి లేకుండానే ఊగుతాయని గస్ చెప్పిన కథ సరిగ్గా అప్పుడే గుర్తు రావాలా!

గురువారం, ఆమె కుర్చీలో ఉండగానే దీపం ఆరింది. మెడ మీద చల్లటి గాలి తగిలింది. మెల్లిగా తిరిగింది. చీకట్లో మొండెం లేని ముఖం. చేతిలోని కరెంటు మీటరు నీలికాంతి గడ్డం కింద పడుతోంది. చెవి గోడకి, కళ్ళు మూసి. ఒంటి మీది బొచ్చుకోటు చీకట్లో కలిసిపోయింది.

"ఓర్విల్! నేనున్నాను కదా ఇక్కడ!"

"ఉన్నావా? నాకు వినపడలేదే."

"ఒక్క దీపం, ఒక్క లాప్‌టాప్! ఏం తినేస్తున్నాయని?"

"ఏమీ తినవు. ఈ భవనం మొత్తంలో నీ గదే తక్కువ తింటుంది."

"మరి నన్నెందుకు పట్టి పీడిస్తున్నారు?"

ఓర్విల్ కళ్ళు తెరిచాడు. "ఇదివరకు నువ్వూ మిరేలా పోట్లాడుకునేవాళ్ళు. గోడకి చెవి పెడితే హాయిగా ఉండేది. తర్వాత ఫోన్లో మాట్లాడేదానివి. ఈ వారం హీటరు తప్ప ఇంకేం వినపడలేదమ్మాయ్. నాకు ఆర్పడం ఒక్కటే వచ్చు, మనుషుల్ని పోగెయ్యడం రాదు. అందుకని నువ్వే కిందికి దిగుతావేమోనని చలి పెట్టి చూశాను."

"పొగబెట్టినట్టు చలి పెట్టారా? నేనేమన్నా పందికొక్కునా?"

"పందికొక్కయితే మొదటిరోజే దిగేది."

జోస్లిన్‌కి కోపం రావాలి. నవ్వొచ్చింది. లాప్‌టాప్ చంకన పెట్టుకుని కిందికి దిగింది. పెద్దగదిలో అడుగు పెట్టగానే గస్ ఎగిరిపడ్డాడు.

"నువ్వా! పైన ఒంటరిగా తిరిగేది దయ్యమనుకుని నేను ఆ మెట్లే ఎక్కడం మానేశాను తల్లీ!"

"దయ్యం రొట్టెలు అమ్ముతుందా?"

"అసలేంటి నీ రొట్టెల గోల? కూర్చో, చెప్పు."

చెప్పింది. గస్ అడ్డొచ్చాడు, లెక్కలవాళ్ళు గస్‌కి అడ్డొచ్చారు. అరుచుకుంటూనే ఆమెకి రెండు కొత్త బేకరీలు చూపించారు. శుక్రవారం తాళం సంగతే ఆమెకి గుర్తు రాలేదు. సోమవారం గుర్తొచ్చేసరికి, అడక్కపోయినా గస్ ఆమె కంపెనీకి బోర్డు రాసి తగిలించేశాడు. కళ్ళు పోయేంత గులాబీరంగు. ఇప్పుడు కంపెనీ మూతపడితే బోర్డు వల్లే పడిందంటారని వాడి భయం. అందుకని రోజూ వాడే వీధిలో నిలబడి ఆమెకి గిరాకీల్ని పిలుస్తున్నాడు.