దాలమ్మ వదినకు ఇచ్చిన మాత్రలు

ఈ మాట మోసీ మోసీ అలిసిపోయాను. మా ఆయనకు చెప్పబోతే నోరు పెగలదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మా దాలమ్మ వదిన కిడ్నీ జబ్బుతో పోలేదు. నా వల్ల పోయింది.

పలాసలో మాకు మందుల దుకాణం ఉంది. ఫార్మసీ చదివింది నేనే. దాలమ్మ మా ఆయనకు అక్క. ఉద్దానం తీరంలో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే మనిషి. కీళ్లవాతంతో మోకాళ్లు వాచి, ఒకనాడు మా దుకాణం మెట్టెక్కలేక కూలబడింది. డాక్టరు చీటీ లేకుండానే స్టెరాయిడ్ మాత్రలిచ్చాను. వారం తిరక్కుండా నవ్వుకుంటూ వచ్చింది.

"ఓలమ్మీ, ఏటి మందిచ్చినావే! ఈ మోకాళ్లు నావేనా అనిపిత్తంది."

ఆ మాత్ర ఏం చేస్తుందో నాకు తెలుసు. అది హార్మోను. కణంలోకి దూరి, అక్కడ తనకోసం కాచుకున్న ప్రొటీన్‌ను పట్టుకుని, కేంద్రకంలోకి వెళ్లి, వాపు తెప్పించే జన్యువుల నోరు నొక్కేస్తుంది. మరికొన్నింటిని నిద్రలేపుతుంది. అలాంటి హార్మోనునే మన ఒళ్లు కిడ్నీల పైనున్న చిన్న గ్రంథుల్లో తయారు చేసుకుంటుంది. బయటినుంచి రోజూ వచ్చి పడుతుంటే, ఇక చాలని మెదడు ఆ తయారీని ఆపించేస్తుంది. గ్రంథులు కుంచించుకుపోతాయి. అందుకే మాత్రలు ఒక్కసారిగా మానకూడదు, మెల్లగా తగ్గించాలి. పరీక్షలో ఇదంతా తప్పులేకుండా రాశాను. మరి ఇస్తున్నప్పుడు ఏమైంది నాకు? వదిన నడుస్తోందన్న సంతోషమా? ఆమె మాట విని మా దుకాణానికి వచ్చే జనం పెరుగుతారన్న ఆశా? రెండూ కావచ్చు.

నెలల తరబడి ఇస్తూ పోయేసరికి ఆమె మొహం గుండ్రంగా ఉబ్బింది. ఒళ్లు చేసిందన్నారందరూ. అది మాత్రల పనేనని తెలిసీ నేనూ అవునన్నాను.

తర్వాత దుకాణాల మీద తనిఖీలని పుకారు పుట్టింది. భయపడి ఆ మాత్రలన్నీ తీసేశాను. వదిన వస్తే, సరుకు రాలేదని చెప్పి పంపేశాను. మెల్లగా తగ్గించాలన్న సంగతి ఆమెకు ఎలా తెలుస్తుంది? నాకు తెలుసు.

కొన్నాళ్లకే వాంతులు. లేచి నిలబడలేని నీరసం. టెక్కలి ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి బీపీ అందడం లేదు. డాక్టరు అడిగాడు.

"ఈమె ఏమైనా మాత్రలు వాడుతోందా?"

మోకాళ్ల మాత్రలు మానేసిందనుకున్నారేమో, వాటి ఊసెత్తకుండా అందరూ నావైపు చూశారు. మందులు తెలిసినదాన్ని కదా.

"ఏమీ లేవండి. ఎప్పుడైనా గ్యాస్ మాత్ర, అంతే."

నిజం చెప్పి ఉంటే, ఆమె ఒంట్లో కరువైన ఆ హార్మోనునే ఇంజెక్షన్‌గా ఎక్కించేవాళ్లు. బతికేదేమో. ఆ 'ఏమో' నన్ను వదలదు. తెల్లారేసరికి వదిన పోయింది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో మనిషి పోతే కారణం ఎవరూ వెతకరు. కిడ్నీ అన్నారు. నేను తల ఊపాను.

వదిన కూతురు నూకరత్నం ఆ మాట నమ్మింది. తల్లి జబ్బు తనకూ వస్తుందని భయం. ఒళ్లు కాస్త నలతగా ఉన్నా రక్తపరీక్ష చేయించుకుని, ఆ కాగితం నా దగ్గరికే తెచ్చేది. అంతా బాగానే ఉందని చెప్పేదాన్ని. నమ్మేది కాదు. ఏళ్ల తరబడి ఇదే. మొన్న మరో కాగితం తెచ్చి, తానూ తల్లిలాగే పోతానంది. ఇక నావల్ల కాలేదు. మాత్రల దగ్గర్నుంచి ఆస్పత్రిలో ఆడిన అబద్ధం దాకా మొత్తం చెప్పేశాను.

చేతిలోని కాగితం మడిచి పక్కన పెట్టి అడిగింది.

"ఆ డాక్టరు అడిగినప్పుడు మా అమ్మకి తెలివుంది కదా, అత్తా? నువ్వన్నది ఇన్నాదా?"

వదిన వింది. నావైపు చూసింది కూడా. తానూ ఏమీ అనలేదు. నన్ను కాపాడుదామనో, నాకన్నీ తెలుసన్న నమ్మకంతోనో.

"విందమ్మా," అన్నాను.

నూకరత్నం లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. రమ్మని అడిగే మొహం నాకు లేదు. క్షమించమనీ అడగలేదు. మా ఆయనకు ఇంకా తెలియదు, తెలిసే రోజు దగ్గర్లోనే ఉంది. అయినా ఇన్నేళ్లలో మొదటిసారి, వదిన పేరు నా నోటితో నేనే పలకగలుగుతున్నాను.