పిప్పి తినే మనిషి

గ్లాసులో పీచుపోగు కనబడిందని ఒక ఆఫీసరు రసమంతా పండ్లరసం వాడి మొహాన కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను మొహం తుడుచుకుని, "ఇకనుంచి మీకు వడకట్టే ఇస్తాను సార్" అన్నాడు. అప్పటినుంచి రోజూ ఆయన ఎదుటే నారింజ రసాన్ని జల్లెడలో పోసి, బొటనవేలితో చివరి చుక్కదాకా నొక్కుతాడు. మిగిలిన పిప్పిని పారెయ్యడు. ఆయన తాగుతున్నంతసేపూ ఆయన్నే చూస్తూ దాన్ని నెమ్మదిగా నములుతాడు. ఏళ్ళు గడిచేసరికి ఆఫీసరు చెంపలు పీక్కుపోయాయి, పొట్ట రాయిలా బిగుసుకుంది. పండ్లరసం వాడు మాత్రం నిగనిగలాడుతున్నాడు. నెరిసిన మీసం నల్లబడటం చూసి పక్కకొట్టు దర్జీ, "రంగేశావా బాబాయ్, పెళ్ళిగాని కుదిరిందా?" అంటే తల అడ్డంగా ఊపుతాడు.

మొన్న ఆఫీసరు చేతికర్రతో వచ్చాడు. "పీచు తినకపోతే లాభం లేదన్నాడయ్యా డాక్టరు. ఇంట్లో ఏ కూర తిన్నా ఒంటబట్టట్లేదు. ఇవాళ్టినుంచి వడకట్టకు" అని బతిమాలాడు. అతను ఎప్పటిలాగే జల్లెడను గ్లాసు మీద పెట్టాడు. రసం దిగాక పిప్పి నోట్లో వేసుకుని, మర్యాదగా అన్నాడు: "ఇన్నేళ్ళూ మీ వంతు నేనే తిన్నాను సార్. అలవాటైపోయింది. ఇప్పుడు వదలబుద్ధి కావట్లేదు."