వెల్ల గాబులో చల్లబెట్టిన బాటిళ్ళు

మా మామయ్య గారు పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం నేను స్కూల్లో పిల్లలకి పాఠం చెబుతుంటే మా ఆయన ఫోన్ చేసి, "నాన్న పడిపోయారు, నువ్వు ఇంటికి వచ్చెయ్" అన్నారు. పోయారని చెప్పలేదు. ఆ గొంతు విన్నాక నేనూ అడగలేదు, పుస్తకం మూసి బయల్దేరాను. నేను రావులపాలెం చేరేసరికే ఆయన్ని హాల్లో పడుకోబెట్టారు.

తెలుగు టీచర్ని కదా, ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని బంధువులందరూ అంటున్నారు. మంచి మాటలకేం కొదవలేదు. కానీ రాద్దామని కూర్చుంటే ముందు సిగ్గే ముంచుకొస్తోంది. కాబట్టి దాన్నే రాస్తాను.

మామయ్య గారు ఊరి బయట ఒక చిన్న కూల్‌డ్రింకుల కంపెనీలో బాటిళ్ళు డిజైన్ చేసేవారు. జనం వాడి పారేసిన ప్లాస్టిక్‌ని కరిగించి, దాంతో వీలైనంత తేలికైన బాటిల్ తయారుచెయ్యాలి. లోపల గ్యాసు ఎంత తోసినా అది ఉబ్బకూడదు, చీలకూడదు. రిటైరయ్యాక కూడా కంపెనీ ఆయన్ని వదల్లేదు, ఆయనా కంపెనీని వదల్లేదు. "బరువు పెంచి గ్యాసుని ఆపడం ఎవరైనా చేస్తారమ్మా. తగ్గించి ఆపాలి" అనేవారు.

ఎండాకాలం వస్తే మా డాబా మీద వడియాలకి చోటుండేది కాదు. నిండు బాటిళ్ళు ఎండలో వరసగా నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం గొడుగేసుకుని పైకి వెళ్ళి ఒక్కోదాని అడుగూ వేలితో తడిమి చూసేవారు. అడుగు ఏమాత్రం ఉబ్బినా బాటిల్ నిలబడదట, ఊగుతుందట. "నా వడియాలు ఎవరి డాబా మీద పెట్టుకోమంటారండీ?" అని అత్తయ్య కింద నుంచి కేకలేసేవారు. ఆయన నవ్వి ఒక మూల బాటిళ్ళు కాస్త జరిపేవారు. ఆ మూలలో చాటెడు వడియాలు కూడా పట్టేవి కావు.

ఇంత కష్టపడి చేసిన బాటిల్ మా ఇంట్లో చుట్టాలకి ఇచ్చేవాళ్ళం కాదు. మూత బిగించి ఉన్నంతసేపూ అది రాయిలా ఉంటుంది. మూత తీసి గ్యాసు పోయాక చేతిలో మెత్తగా నొక్కుకుపోతుంది. "లోపలి గాలే దానికి ఎముకమ్మా" అనేవారాయన. చుట్టాలకి ఎముకల సంగతి ఎందుకు? మా వైపు మర్యాద చేతికి బరువుగా తగలాలి. పల్చటి బాటిల్ ఇస్తే పీనాసివాళ్ళనుకుంటారని అత్తయ్య భయం, నా భయం కూడా. అందుకని వేరే కంపెనీ బాటిళ్ళు కొని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం. ఆయన చూసి కూడా ఏమీ అనేవారు కాదు.

పెనుగొండలో మా తమ్ముడి పెళ్ళికి మాత్రం ఆయన ఎంతో ముచ్చటపడి కొత్త డిజైన్ బాటిళ్ళు వ్యాన్‌లో పంపించారు. వియ్యంకుడి మాట కాదనలేక మా నాన్న సరేనన్నారు. వాటిని పెరట్లో సిమెంటు నీళ్ళ గాబులో ఐసు ముక్కల మధ్య పెట్టారు. భోజనాల వేళకి పంచిపెడితే, చాలా బాటిళ్ళు అడుగున సన్నగా చీలి కారిపోయాయి. ఆడపెళ్ళివారి పట్టుపంచెలు తడిశాయి, ఎవరిదో పట్టుచీర తడిసింది. మా నాన్నకి నోరు ఊరుకోదు కదా. "మా బావగారి సోడా పైనుంచే తాగక్కర్లేదండోయ్, కిందనుంచి కూడా వస్తుంది" అన్నారు. పందిరంతా నవ్వింది. మామయ్య గారు ఇస్త్రీ చొక్కాతోనే బల్లల కింద వంగి, చీలిన బాటిళ్ళన్నీ ఏరి గోనెసంచిలో వేసుకుంటున్నారు. "ఏంటి బావగారూ, పాతసామాన్లవాడి కాటాకి వేస్తారా?" అన్నారు నాన్న. మళ్ళీ నవ్వులు. నాకు నాన్న మీద కోపం రావాలి. కానీ సంచి పట్టుకుని వంగిన మామయ్య గారి మీద వచ్చింది.

పెళ్ళి హడావిడి సద్దుమణిగాక ఆయన నన్ను డాబా మీదకి పిలిచి ఒక బాటిల్ తిరగేసి చూపించారు. అడుగున మడతల్లో తెల్లగా ఏదో పట్టి ఉంది.

"ఇదేంటో తెలుసా అమ్మా? సున్నం. పెళ్ళికి మీ ఇంటికి వెల్ల వేయించారు కదా, ఆ గాబులోనే కలిపారు. పైపైన కడిగి ఐసు పోసేశారు. ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌కి సున్నపు నీళ్ళు పడవు."

"అయితే తప్పు మీది కాదు కదండీ! నాన్నకి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను" అన్నాను.

"వద్దమ్మా. వియ్యాలవారి గాబు మీద నెపం పెడితే ఏం బాగుంటుంది? బరువు బాటిలైతే కాస్త ఓర్చుకునేదేమో, నాది ఓర్చుకోలేదు. పెళ్ళివారింట్లో సున్నం ఉంటుందని నాకు తెలియొద్దూ?"

ఆ తర్వాత ఆయన డాబా మీద సున్నపు నీళ్ళ బకెట్లు పెట్టుకుని అడుగు ఆకారం మారుస్తూ, మళ్ళీ మళ్ళీ చీల్చుకుంటూ, చివరికి చీలని బాటిల్ చేశారు. అది కూడా తేలికదే. మా నాన్న మాత్రం ఎక్కడ కలిసినా ఆ కిందనుంచి వచ్చే సోడా కథే చెప్పేవారు. మామయ్య గారు అందరితో పాటు నవ్వేవారు. ఎవరికీ చెప్పనని మామయ్య గారికి ఇచ్చిన మాట నేను తప్పలేదు. నాన్నకి ఎదురు చెప్పే పని లేకుండా ఆ మాట నాకు ఎంత సుఖంగా ఉండేదో తల్చుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది.

పెద్దకర్మ నాడు కంపెనీవాళ్ళు గౌరవంగా ఆ చివరి డిజైన్ బాటిళ్ళే పంపించారు. అవి దించుతుంటే నాన్న చూసి అత్తయ్య దగ్గరికి వచ్చారు. "చెల్లెమ్మా, ఇవాళ ఇవి వద్దమ్మా. వచ్చినవాళ్ళ ముందు మళ్ళీ ఏదన్నా అయితే పోయినాయన పేరే కదా పోయేది" అన్నారు. నిజంగా ప్రేమతోనే అన్నారు. అత్తయ్య కళ్ళు తుడుచుకుని, "అలాగే అన్నయ్య గారూ" అన్నారు. పెట్టెలు పెరట్లోకి వెళ్ళిపోయాయి. కొట్టు నుంచి తెప్పించిన బరువు బాటిళ్ళు విస్తళ్ళ పక్కన పెడుతూ బంతి పొడుగునా నడిచింది నేనే. ఆయన ఫొటో వైపు చూడలేకపోయాను.

చుట్టాలు వెళ్ళాక, వరండాలో ఒక్కరే కూర్చున్న నాన్న పక్కన కూర్చుని సున్నం సంగతి చెప్పేశాను. మామయ్య గారు వద్దన్న సంగతి కూడా చెప్పాను.

"అప్పుడే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు నాన్న. మళ్ళీ తనే, "నేనెక్కడ చెప్పనిచ్చానులే" అని లేచి పెరట్లోకి వెళ్ళి ఒక బాటిల్ తెచ్చుకున్నారు. అత్తయ్య ఎదురుగా కూర్చుని, తల ఎత్తకుండా మొత్తం తాగారు. ఖాళీ బాటిల్ ఇమ్మని నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు.

నాన్నని పెనుగొండ బస్సు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఎప్పుడూ బస్సు కదిలేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండే మనిషి, నా వైపు తిరగలేదు. ఆ ఖాళీ బాటిల్ ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడా నొక్కుకుపోకుండా రెండు చేతులతో మెల్లగా పట్టుకుని ఉన్నారు.